నావి అన్న ఫోల్డరు

రెండు ఫైళ్ళు తెర మీద పక్కపక్కన తెరిచి పెట్టుకుని కంప్యూటరమ్మ పొద్దున్నించీ వరస వెంట వరస దిగుతోంది. చూపుడువేలు తెరకి అంగుళం దూరంలో గాలిలోనే నడుస్తోంది. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, పైకి నెట్టుకునే తీరిక లేదు. పెన్సిలు కోసం టేబులంతా రెండుసార్లు వెతికింది. అది నెరిసిన జుట్టు ముడిలో గుచ్చే ఉంది.

రెండు ఫైళ్ళకీ పేరు ఒకటే, ‘అక్షరాలు’. రెండూ తను రాసినవే. ఒకటి కథల పుస్తకం ఫోల్డర్లోది, ఇంకోటి లెక్కల పుస్తకం ఫోల్డర్లోది. కవలల్లా ఉంటాయి గాని ఒకదానికి పుట్టుమచ్చ ఉంటే రెండోదానికి ఉండదు. ఆ పుట్టుమచ్చ ఎక్కడుందో పట్టుకోవడమే ఇప్పుడు ఆమె పని.

ఆ ప్రెస్సులో అచ్చయ్యేవి వేళ్ళతో చదివే పుస్తకాలు. చూపు లేని పిల్లల బళ్ళకి ఇక్కణ్ణించే వెళ్తాయి. మామూలు అక్షరాల్లో వచ్చిన పాఠాన్ని ఉబ్బెత్తు చుక్కలుగా మార్చి మిషనుకి అందించే ప్రోగ్రాములన్నీ ఆమె ఒక్కతే రాసింది. అందుకే కంప్యూటరమ్మ అయింది. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే తనే ఒక క్షణం ఆగి పలుకుతుంది.

గోడకి అవతలి గదిలో చదువరి గారు ఉంటారు. పుట్టుకతోనే చూపు లేని మనిషి. ఏ పుస్తకమైనా మొదటి ప్రతి ఆయన వేళ్ళ కిందనించి వెళ్ళాకే మిగతావి అచ్చవుతాయి. ఎడమచేతి వేలు వరస మొదలు పట్టుకుని ఉంటే కుడిచేతి వేలు పరిగెడుతుంది. తప్పు దగ్గర ఆ వేలు టక్కున ఆగుతుంది. గొంతు కూడా ఎత్తకుండా, “చెల్లెమ్మా,” అని పిలుస్తారు. గోడ పల్చటిది. ఆమెకి వినపడుతుంది.

ఆయన పట్టిన తప్పుల్లో ఒకదానికి పేరే పెట్టారు, మొండిఘటం అని. చుక్కల లిపిలో అంకెలకి వేరే చుక్కలు ఉండవు. అక్షరాల చుక్కలకే ముందొక గుర్తు తగిలిస్తే అవి అంకెలవుతాయి. ‘అ’ ఒకటవుతుంది, ‘బ’ రెండవుతుంది. ఐదో లెక్కలో ‘బ’ భాగం అని చెప్పాలంటే, అంకె అయిపోయింది, ఇది అక్షరం అని మధ్యలో ఇంకో గుర్తు పెట్టాలి. అది మరిచిపోతే ‘5బ’ కాస్తా యాభై రెండైపోతుంది. పాతిక లెక్కలున్న పాఠంలో యాభై రెండో లెక్క ఎక్కడుందా అని పిల్లవాడు పేజీలన్నీ తడుముకుంటాడు.

కంప్యూటరమ్మ దాన్ని సరిచేసింది. చాలాసార్లు సరిచేసింది. గొడవంతా అక్కడే. కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా, తను రాసుకున్న ‘అక్షరాలు’ లాంటి ప్రోగ్రాము ముక్కల్ని, అంటే మాడ్యూళ్ళని, ఏదో ఒక పాత పుస్తకం ఫోల్డర్లోంచి తీసి కొత్తదాంట్లోకి కాపీ చేసుకునేది. సరిచేసింది ఒక కాపీలో, తెచ్చుకున్నది ఇంకో కాపీ. చచ్చిందనుకున్న మొండిఘటం మళ్ళీ లేచి కూర్చునేది. చదువరి గారి వేలు ఆగేది.

“మీ బంధువు మళ్ళీ వచ్చాడు చెల్లెమ్మా.”

“ఎవరండీ అన్నయ్య గారూ?”

“ఇంకెవరు, చెప్పకుండా వచ్చేవాడు.”

ఇన్నేళ్ళూ అలా గడిచిపోయింది. తప్పు పుట్టడం, ఆయన పట్టడం, ఇద్దరూ నవ్వుకోవడం. ఒక్క పుస్తకం కూడా ఆ తప్పుతో బయటికి వెళ్ళలేదు. ఆ ధీమాతోనే ఆమె తన ఫోల్డర్ల సంగతి పట్టించుకోలేదు. కిందటి నెల చదువరి గారికి రిటైర్మెంటు కాగితం వచ్చింది. ఆ రోజు ఇంటికి వెళ్తూ బస్సులో కూర్చుంటే ఆమెకి ఒక్కసారిగా తట్టింది. ఆ వేలు లేకపోతే మొండిఘటం తిన్నగా పిల్లల చేతుల్లోకే వెళ్తుంది. సోమవారం నించి ఒక కొత్తమ్మాయి చదవడానికి వస్తుంది. బాగా చదువుతుందట. కాని ఎక్కడ ఆగాలో ఆ అమ్మాయి వేలికి తెలియడానికి ఎన్నేళ్ళు పడుతుందో.

మర్నాటినించే మొదలుపెట్టింది. కంప్యూటర్లో తన చోటైన హోమ్ డైరెక్టరీలో మూలమూలల ఉన్న కాపీలన్నిటినీ రెండేసి చొప్పున పక్కన పెట్టుకుని, ఏ దాంట్లో ఏ సవరణ ఉందో చూసి, అన్ని సవరణలూ ఉన్న ఒక్కటే ‘అక్షరాలు’, ఒక్కటే ‘పేజీలు’, ఒక్కటే ‘లెక్కలు’ తయారుచెయ్యాలని. నెల రోజులు ఆ పనే పట్టింది. ఇవాళ ఆఖరి జత చూస్తోంది. ఇవాళే చదువరి గారి ఆఖరి రోజు. లెక్కల పుస్తకం సాయంత్రానికి మిషనెక్కాలి, వచ్చే వారం బళ్ళు తెరుస్తారు.

“అదుగో,” అనుకుంది. కుడివైపు ఫైల్లో ఒక వరస ఎక్కువుంది. నిరుడు వానాకాలంలో చేసిన సవరణ. దాన్ని ఎడమవైపుకి తెచ్చి, సేవ్ చేసి, అప్పుడు కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

ఆ ప్రెస్సుకి మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు, ఎవరు నేర్చుకుంటారని మేనేజరు అడిగాడు. అప్పటికామె ఆరు మీటల చుక్కల యంత్రం మీద పుస్తకాలు కొట్టే టైపిస్టు. పొద్దు గూకేసరికి రెండు మణికట్లూ వాచిపోయేవి. కాస్త నొప్పి తగ్గుతుందేమోనని చెయ్యెత్తింది, అంతే. మొదటి రోజు పేరు కొట్టగానే తెర మీద తన పేరుతో ఒక ఖాళీ చోటు తెరుచుకుంది. దాన్ని హోమ్ అంటారని మాన్యువల్లో ఉంది. ఆ సాయంత్రం భర్తకి వడ్డిస్తూ, “ఆఫీసులో నా పేరు మీద ఒక ఇల్లిచ్చారు,” అంది.

లారీ డ్రైవరైన ఆయన తలెత్తాడు. “గదులెన్ని?”

“ఎన్ని కట్టుకుంటే అన్ని.”

“ఒకటి అద్దెకిస్తారేమో అడుగు,” అని నవ్వాడు.

ఆమె ఆయనకి రెండో భార్య. ఆ ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లో డబ్బాలన్నీ పోయినావిడ సర్దినట్టే ఉన్నాయి. ఉప్పు కిటికీ పక్కన, పిండి తలుపు వెనక, చక్కెర అన్నిటికంటే పై అరలో. పోయినావిడ పొడగరి. ఈమె పొట్టి మనిషి, చక్కెర కావాలంటే స్టూలెక్కాలి. ఎక్కేది. ఆవిడ ఏడేళ్ళ కూతురు వచ్చి స్టూలు పట్టుకుని తల పైకెత్తి చూస్తుండేది. ఆ డబ్బా కిందికి దింపితే పిల్ల మొహం ఎలా మారుతుందోనని ఏళ్ళ తరబడి స్టూలెక్కుతూనే ఉంది. పుట్టింటినించి తెచ్చుకున్న గిన్నెలు ఎక్కడ సందు దొరికితే అక్కడ దూర్చింది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. ఆమే అనుకోలేదు, ఇది నాది, ఇలా పెట్టుకుంటాను అని.

కంప్యూటర్లోనూ అదే అలవాటు వచ్చింది. పాతదాన్ని కదపదు. పక్కన ఇంకోటి పెడుతుంది. ‘అక్షరాలు కొత్త’, ‘అక్షరాలు కొత్త రెండు’, ‘అక్షరాలు ఫైనల్’, ‘ఇదే ఫైనల్’, ‘అన్నయ్య గారు చెప్పాక’. హోమ్ తెరిస్తే సంత తెరిచినట్టుండేది.

ఇప్పుడా సంత మధ్యలో కొత్త ఫోల్డరు ఒకటి తెరిచింది. పేరేం పెట్టాలా అని కాసేపు కీబోర్డు మీద చేతులుంచి కూర్చుంది. ‘కామన్’ అని కొట్టి చెరిపేసింది. ‘నావి’ అని కొట్టింది. బాగుందనిపించింది. సరిచేసిన మాడ్యూళ్ళు ఒక్కొక్కటీ అందులో పెట్టింది. తర్వాత, తను లాగిన్ అవగానే యంత్రం మొదట చదివే ఫైలు తెరిచి ఒక్క వరస రాసింది. ఏ పుస్తకం ఫోల్డర్లో ఉన్నా సరే, మాడ్యూలు కావాలంటే ‘నావి’లో వెతుక్కో అని. ఇంక కాపీలతో పని లేదు. లెక్కల పుస్తకం ప్రోగ్రాము నడిపి, మొదటి పాఠం అభ్యాసాల పేజీలు చిన్న మిషను మీద అచ్చు తీసి, అవతలి గదికి తనే పట్టుకెళ్ళింది.

తిరిగొచ్చి కూర్చుందో లేదో, గోడ అవతలినించి పిలుపు వచ్చింది.

“చెల్లెమ్మా.”

ఆ గొంతు ఆమెకి తెలుసు. లేచి వెళ్ళింది. చదువరి గారి వేలు రెండో పేజీ మధ్యలో ఆగి ఉంది.

“వీడ్కోలు చెప్పడానికి వచ్చినట్టున్నాడు,” అన్నారాయన.

ఆమె నవ్వలేదు. “ఇప్పుడే అన్నీ ఒకచోట పెట్టానండీ. సరైంది అక్కడే ఉంది. నా కళ్ళతో చూశాను.”

“మీరు పెట్టారు సరే, అది అక్కణ్ణించే తీసుకుందా?”

ఆ మాట పట్టుకుని తన గదికి వచ్చింది. భోజనం డబ్బా మూత కూడా తియ్యకుండా మాన్యువల్ తిరగేసింది. విషయం తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రోగ్రాము మాడ్యూలు కోసం మొట్టమొదట తన పక్కనే, తను ఉన్న ఫోల్డర్లోనే చూసుకుంటుంది. అక్కడ లేకపోతేనే బయటికి వెళ్తుంది. లెక్కల పుస్తకం ఫోల్డర్లో పాత ‘అక్షరాలు’ ఇంకా అలాగే కూర్చుని ఉంది. అది ఉన్నంతకాలం ‘నావి’ గడప ఎవరూ తొక్కరు.

పాతవి తీసేయాలి. ఒక్క లెక్కల పుస్తకంలోనే కాదు, అన్ని పుస్తకాల్లోనూ.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బ్యాకప్పులో అన్నీ భద్రంగా ఉంటాయని తెలుసు. పోతాయన్న భయం కాదు అది. ఉన్నదాన్ని ఉన్నచోటునించి తీసెయ్యడం అనే పని ఆమె జన్మలో చెయ్యలేదు. అప్పుడు ఫోను మోగింది. కూతురు. ఆసుపత్రిలో నర్సు, భోజనాల వేళ రోజూ ఒకసారి పలకరిస్తుంది.

“పిన్నీ, తిన్నావా?”

“తింటా.”

“తినలేదన్నమాట. ఏమైంది?”

చెప్పింది. మాడ్యూళ్ళంటే ఏమిటో కూతురికి సగమే అర్థమవుతుంది గాని పిన్ని గొంతు పూర్తిగా అర్థమవుతుంది. అంతా విని, “అంటే చక్కెర డబ్బా గొడవేనన్నమాట,” అంది.

కంప్యూటరమ్మ తడబడింది. “దానికీ దీనికీ ఏం సంబంధమే?”

“ఒకటడుగుతాను చెప్పు. చిన్నప్పుడు నేనొచ్చి స్టూలు ఎందుకు పట్టుకునేదాన్ననుకుంటున్నావు?”

“మీ అమ్మ సర్దిన డబ్బా కదా. ఎక్కడ కదిపేస్తానో అని చూసేదానివి.”

“నువ్వు పడిపోతావని పిన్నీ. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. డబ్బా ఎక్కడుంటే నాకేం?”

కంప్యూటరమ్మ కిటికీ వైపు చూసింది. ఎదురింటి మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు. దాన్ని మడతపెట్టి లోపలికి పట్టుకెళ్ళేదాకా చూస్తూనే ఉంది.

“అప్పుడే చెప్పొచ్చుగా,” అంది చివరికి.

“నువ్వు అడగందే ఎలా చెప్పను? సరే, ఇంతకీ ఆ కంప్యూటర్లో ఇల్లు ఎవరిది?”

“నాదే.”

“మరింకేం. తిని, ఆ పని కానివ్వు.”

తింది. నెమ్మదిగా, డబ్బా ఖాళీ అయ్యేదాకా తింది. చేతులు కడుక్కుని వచ్చి కుర్చీ ముందుకి లాక్కుంది. ఒక్క ఆదేశంతో అన్నీ పోగొట్టొచ్చు. అలా చెయ్యలేదు. ఒక్కొక్క పుస్తకం ఫోల్డర్లోకీ వెళ్ళింది. ఒక్కొక్క పాత ఫైలు దగ్గరా యంత్రం అడిగింది, నిజంగా తీసేయాలా అని. అవును. నిజంగా తీసేయాలా? అవును. మొదటి నాలుగైదింటి పేర్లు రెండేసిసార్లు చదువుకుని నొక్కింది. ఆ తర్వాత వేళ్ళకి ఒక ఊపు వచ్చింది. ‘ఇదే ఫైనల్’ పోయింది. ‘అన్నయ్య గారు చెప్పాక’ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, దాన్నీ తీసేసింది. ఆయన చెప్పిందంతా ‘నావి’లో ఉంది.

హోమ్ తెరిచి చూసుకుంది. పుస్తకాల ఫోల్డర్లు, వాటి మధ్య ‘నావి’. అంతే. పెళ్ళివారు వెళ్ళాక ఊడ్చి కడిగిన ఇంట్లా ఉంది. చూసినకొద్దీ చూడాలనిపించింది.

లెక్కల పుస్తకం మళ్ళీ నడిపింది. ఈసారి ఒక్క పాఠానివే కాదు, అన్ని పాఠాల అభ్యాసాలూ అచ్చు తీసింది. చదువరి గారి ముందు పెట్టి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

ఆయన మొదలుపెట్టారు. ఎడమ వేలు వరస పట్టుకుంది, కుడి వేలు నడిచింది. గదిలో కాగితం మీద చర్మం రాసుకునే సన్నటి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రెండో పేజీ మధ్యలోకి వచ్చేసరికి ఆమె స్టూలు మీద ముందుకి వంగింది. వేలు ఆగలేదు. వరస దాటింది, పేజీ దాటింది. ఆయన మొహం కాస్త పైకెత్తి, ఎప్పుడూ చదివేటప్పుడు చేసినట్టు కనుబొమలు ముడిచి, అలా వెళ్ళిపోతూనే ఉన్నారు. ఆఖరి కాగితం ఆఖరి వరస అయ్యాక రెండు అరచేతులూ దాని మీద పరిచారు.

“ఏమీ లేదు,” అన్నారు.

“సరిగ్గా చూశారా?”

“ఇన్నేళ్ళకి ఈ మాట అడిగారు చూడండి.” నవ్వారు. “లేదమ్మా. వాడు లేడు. ఇంకెవడూ లేడు. శుభ్రంగా ఉంది.”

ఆమె లేవబోయింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. “ఆగండి. పొద్దున కథల పుస్తకంలో ఒకటి కనబడింది. మీరు పనిలో ఉన్నారని చెప్పలేదు. పాఠం పేరేమో పేజీ అడుగున ఒక్కటే వేలాడుతోంది, పాఠం తర్వాతి పేజీలో మొదలైంది. గుమ్మం ఒక ఇంట్లో, గది ఇంకో ఇంట్లో ఉన్నట్టుంది. ఇలాంటిదే నిరుడు సైన్సు పుస్తకంలోనూ తగిలింది. అప్పుడు అక్కడికక్కడ సర్ది పంపించాం, గుర్తుందా?”

గుర్తుంది. ఆమె తన గదికి వెళ్ళి ‘నావి’ తెరిచి ‘పేజీలు’ మాడ్యూల్లో నాలుగు వరసలు రాసింది. పేరు కింద కనీసం రెండు వరసల పాఠం పట్టకపోతే పేరుని కూడా తర్వాతి పేజీకి తోసెయ్యమని. కథల పుస్తకం నడిపింది. పేరు తర్వాతి పేజీకి వెళ్ళి తన పాఠం నెత్తిన కూర్చుంది. అప్పుడు సైన్సు పుస్తకం తెరిచింది. అందులో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. ఊరికే నడిపింది.

అక్కడా పేరు తర్వాతి పేజీకి వెళ్ళింది.

పాటల పుస్తకం నడిపింది. దాంట్లోనూ అంతే. ఒకచోట రాసింది అన్నిచోట్లకీ వెళ్ళింది. ఇల్లు ఇచ్చిన ఇన్నేళ్ళకి, ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో ఆమెకి తెలిసింది. చెప్పినమాట వినే ఇల్లయింది. కంప్యూటరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, ఎవరూ చూడట్లేదని రూఢి చేసుకుని, రెండు చేతులూ తలమీదికెత్తి పిడికిళ్ళు బిగించింది. ముడిలోని పెన్సిలు ఊడి కింద పడింది. ఇన్నాళ్ళూ పొద్దుటి పూట ఆఫీసుకి వస్తూ, ఇవాళ ఏ తప్పు లేస్తుందో అనుకుంటూ మెట్లెక్కిన మనిషి. ఇప్పుడు ఎవరో వచ్చి ఇంకో పది పుస్తకాలు తెచ్చి పడేస్తే బాగుండుననిపించింది.

సైన్సు కాగితాలు పట్టుకుని పరుగులాంటి నడకతో అవతలి గదికి వెళ్ళింది. చదువరి గారు తడిమి చూశారు. ఒకటికి రెండుసార్లు చూశారు.

“దీన్నెప్పుడు సరిచేశారు?”

“చెయ్యలేదండీ. కథల పుస్తకం కోసం చేస్తే ఇదే సర్దుకుంది.”

ఆయన చాలాసేపు ఆ పేజీ మీదే చెయ్యి ఉంచారు. “అయితే నన్ను ఉద్యోగంలోంచి తీసేశారన్నమాట.”

“సోమవారం నించి మీకెలాగూ లేదు కదండీ.”

ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు ముందు ఆగింది. “ఇంటికి వెళ్తే నిద్ర పట్టదేమో అనుకున్నాను చెల్లెమ్మా. కొత్తమ్మాయికి ఏళ్ళు పడుతుంది కదా అని. ఇంక హాయిగా పడుకుంటాను.” ఆ మాటలో బరువేమీ లేదు, రోజూ వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పారు.

సాయంత్రం హాల్లో అందరికీ టీ ఇచ్చారు. మేనేజరు నిలబడి నాలుగు మాటలు చెప్పాడు. చదువరి గారు వేలు పెట్టని పుస్తకం ఈ ప్రెస్సునించి బయటికి పోలేదన్నాడు. చప్పట్లు కొట్టారు. ఏదైనా చెప్పమంటే చదువరి గారు, “లెక్కల పుస్తకం రెడీగా ఉంది. టీ చల్లారేలోపు మిషను మొదలుపెట్టండి,” అన్నారు.

మిషనాయన వెళ్ళి స్విచ్చి వేశాడు. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు హాలంతా చప్పుడుతో నిండింది. కంప్యూటరమ్మ మిషను పక్కకి వెళ్ళి నిలబడింది. దళసరి కాగితాలు ఒకటొకటే వచ్చి పడుతున్నాయి. ఒకదాన్ని తీసుకుని అభ్యాసాల పేజీ వెతికి, కళ్ళు మూసుకుని, వేలితో మెల్లగా తడిమింది. ఆమెకి వేళ్ళతో చదవడం అంతంతమాత్రమే వచ్చు. అంకె దొరికింది. దాని పక్కన గుర్తు దొరికింది. తర్వాత ‘బ’. ఐదో లెక్క, బ భాగం. కళ్ళు తెరిచేసరికి మిషనాయన ఆమెనే చూస్తున్నాడు.

“ఏంటమ్మా, మీరే చదివేస్తున్నారా?”

“ఊరికే. మా ఇంటిది ఎలా వచ్చిందా అని.”

ఆ చప్పుడులో ఏదీ వినపడదు. గుమ్మం దాకా చదువరి గారి చేతికర్ర చప్పుడు గాని, తీసుకెళ్ళడానికి వచ్చిన తమ్ముడు అన్న మాటలు గాని, తలుపు గాని. మొదటి కట్ట కట్టడం అయ్యాక తలెత్తి చూస్తే హాల్లో టీ కప్పులే ఉన్నాయి. ఆయన వీధి మలుపు తిరిగిపోయి ఉంటారు. చెప్పి వెళ్ళాల్సిందేమీ మిగల్లేదు, అందుకే చెప్పకుండా వెళ్ళారనుకుంది. ఆ అనుకోవడంలో బాధ లేదు. చల్లారిన తన టీ తీసుకుని తాగింది.

ఇంటికి బయల్దేరుతూ లైటు ఆర్పడానికి ఆయన గదిలోకి వెళ్ళింది. కుర్చీ లోపలికి నెట్టి ఉంది. కిటికీ వేసి ఉంది. టేబులు మీద, కుడిచేతికి అందేచోట, ఉక్కపోసే రోజుల్లో వేళ్ళు కాగితం మీద జారడానికి ఆయన రాసుకునే పౌడరు డబ్బా ఉంది. మూత మీద మూడు వేళ్ళ గుర్తులు తెల్లగా, చెదరకుండా ఉన్నాయి.